‘కాలక్షేపం’ అన్న మాటను గురించి

సభ్యులందరికీ నమస్కారం. గత వారం ‘వ్యాపకం’ అన్న మాటపై ఇక్కడ సాగిన చర్చలో ఒక మిత్రుడు, టీవీ కార్యక్రమం చూడడాన్ని వ్యాపకమనరాదనీ, అది కేవలం కాలక్షేపమేననీ రాశారు. ఆ ‘కేవలం’ దగ్గర నా మనసు ఆగిపోయింది. తిరుపతిలో పుట్టి పెరిగిన నేను కాలక్షేపమన్న మాటను చిన్ననాటి నుండి రెండు చోట్ల వింటూ వచ్చాను. రేణిగుంట స్టేషనులో రైలు ఆగగానే ‘కాలక్షేపం బఠాణీలు’ అని పెట్టె పెట్టెకూ తిరిగే కేకలో విన్నాను. గోవిందరాజస్వామి గుడి దగ్గరి మా వీధిలో, పెద్దలు ఒక పండితుణ్ణి గురించి ‘ఆయన ఫలానా స్వామి సన్నిధిలో శ్రీభాష్యం కాలక్షేపం చేశారు’ అని గౌరవంగా చెప్పుకునే వాక్యంలోనూ విన్నాను. శ్రీభాష్యమంటే బ్రహ్మసూత్రాలకు రామానుజులు రాసిన వ్యాఖ్య. ఒకే మాట, అయినా మొదటి దానిలో తేలికదనమూ రెండవ దానిలో ఏళ్ళ తరబడి సాగిన అధ్యయనమూ ఉన్నాయి.

ముందుగా మాట నిర్మాణాన్ని చూద్దాం. ‘క్షేపం’ అన్నది క్షిప్ ధాతువు నుండి వచ్చింది. విసరడం, వేయడం, ఉంచడం దాని అర్థాలు. ఉపసర్గ మారినప్పుడల్లా ఈ ధాతువు ఎంత దూరం పోతుందో గమనించండి: తప్పుపట్టి మాట వేస్తే ఆక్షేపం, అవమానించి వేస్తే అధిక్షేపం, కుదించి చెబితే సంక్షేపం, ఒకరి కావ్యంలో మరొకరు చేర్చి వేసినది ప్రక్షిప్తం. వీటన్నిటి మధ్య నిక్షేపం కూడా ఉంది. అది భద్రంగా ఉంచిన ధనం. ‘నిక్షేపంగా ఉన్నాను’ అని మనం క్షేమసమాచారం చెప్పేటప్పుడు పలికేది ఆ మాటనే. కాబట్టి ధాతువులో పారవేయడమూ ఉంది, దాచి ఉంచడమూ ఉంది. తెలుగు ‘వేయు’ కూడా ఇలాంటిదే కదా; చెత్త వేస్తాము, విత్తనమూ వేస్తాము. ‘కాలయాపన’లో ఈ వెసులుబాటు లేదు. అందులోని ‘యా’ ధాతువుకు పోవడమని అర్థం, కాలాన్ని పోనివ్వడం తప్ప అది మరొకటి చెప్పదు. అందుకే నేటి వాడుకలో కాలయాపన అనగానే సాగదీత, నిందే స్ఫురిస్తాయి. కాలక్షేపానికి జీవనోపాధి అన్న అర్థమూ పాత వాడుకలో ఉండేది. ‘ఎలాగున్నారు?’ అంటే ‘ఏదో కాలక్షేపం జరుగుతోంది’ అనేవారు. అంటే సంసారం గడుస్తోందని.

ఇక వైష్ణవ సంప్రదాయంలోని గ్రంథ కాలక్షేపం. శిష్యుడు గ్రంథాన్ని ముందు పెట్టుకుని ఆచార్యుని ఎదుట కూర్చుంటాడు. ఆచార్యుడు ఒక వాక్యం చదివి, పదాలు విడదీసి, పూర్వులు దానికి చెప్పిన అర్థాన్ని వివరించి, శిష్యుని సందేహం తీరిన తరువాతనే తరువాతి వాక్యానికి వెళతాడు. శ్రీభాష్యం, రామానుజుల గీతాభాష్యం, తిరువాయ్‌మొళి వ్యాఖ్యానమైన భగవద్విషయం, వేదాంత దేశికుల రహస్యత్రయసారం ఇలా సాగుతాయి. ఒక్క గ్రంథానికే ఏళ్ళు పట్టవచ్చు. ఈ పద్ధతికి ‘అధ్యయనం’, ‘పాఠం’ అన్న మాటలు ఉండగా పెద్దలు కాలక్షేపమన్న మాటనే నిలుపుకోవడం నన్ను ఎప్పుడూ ఆకర్షించింది. భగవంతుని ఆశ్రయించిన వానికి మిగిలిన పని కాలాన్ని తగిన రీతిలో వెచ్చించడమే అన్న భావన దాని వెనుక ఉంది.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం మా అమ్మ. ఆమె దామలచెరువు దగ్గర మామిడి తోటల నడుమ పెరిగింది. ఐదవ తరగతితో చదువు ఆగిపోయింది. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ పాటల పోటీ మొదలైనప్పటి నుండి ఆ కార్యక్రమం వచ్చే వేళకు ఆమె పొయ్యి ఆర్పి, ఒక రూళ్ళ నోటుబుక్కూ పెన్సిలూ పట్టుకుని కూర్చునేది. శ్రీకాళహస్తిలో బడికి వెళ్ళి, తిరుపతిలో పీయూసీ చదివిన, ఆ కార్యక్రమాన్ని నడిపిన గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మన వైపు మనిషన్న అభిమానం ఆమెకు ఉండేది గానీ, ఆమెను కూర్చోబెట్టింది అది కాదు. పిల్లలు పాడిన తరువాత ఆయన ఒత్తక్షరం ఎక్కడ జారిందో, శకార షకారాలు ఎక్కడ కలిసిపోయాయో నెమ్మదిగా చెప్పేవారు. పాట ఎవరు రాశారో, ఆ సందర్భంలో ఆ మాట ఎందుకు పడిందో వివరించేవారు. నేను ఒకసారి, ఎంతసేపమ్మా ఈ టీవీ, అని విసుక్కుంటే అమ్మ తల తిప్పకుండానే, ‘పొద్దుబోక చూస్తా ఉండాననుకుంటివా నాయనా?’ అంది. ఆ ప్రశ్నకు నేను అప్పుడు బదులు చెప్పలేదు.

అమ్మ పోయిన తరువాత ఆ నోటుబుక్కులు నా చేతికి వచ్చాయి. ప్రతి పుటలోనూ ఎడమవైపు పాటల్లో వినిపించిన మాట, దాని పక్కన అర్థం, ఆ అర్థం పక్కన మరొక వాక్యం ఉన్నాయి. ‘విపంచి – వీణ. అమ్మమ్మ ఇంట్లో తీగలు తెగింది ఉండె.’ ‘యామిని – రాత్రి. తోటలో కాయలకు కావలి పండుకొనింది.’ ‘మరందం – పూలలో తేనె. మామిడి పూత దినాల్లో వాసన.’ మొదటి రెండు గడులను ఏ నిఘంటువైనా నింపగలదు. మూడవది ఆమె తప్ప మరొకరు రాయలేనిది. విన్న మాటను ఆమె తన బ్రతుకులో ఒక చోటు చూసి అక్కడ పెట్టుకుంది. మన పద్య వ్యాఖ్యానాల్లో ప్రతిపదార్థం తరువాత తాత్పర్యం ఉంటుంది. అమ్మ రాసుకున్నది, తాత్పర్యం కూడా దాటిన తరువాత శ్రోత తనకై చేసుకునే అన్వయమని నేను అనుకుంటున్నాను. ‘అన్వయించుకోవడం’ అన్న మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2020 మార్చిలో తిరుమలలో భక్తులకు దర్శనం ఆగిపోయి, జూన్‌లో మళ్ళీ మొదలైంది. ఆ వేసవిలోనే తిరుమల ఆలయం ఎదుటి నాదనీరాజనం వేదికపై సుందరకాండ పారాయణం మొదలైంది. దేవస్థానం వారి టీవీ ఛానలు ఎస్వీబీసీ దానిని ఉదయం పూట ప్రత్యక్షంగా ప్రసారం చేసేది. శ్లోకాలు చదివి పండితులు అర్థం చెబుతుంటే అమ్మ పుస్తకం ఒడిలో పెట్టుకుని టీవీ ముందు వేలితో వరుస వెంట నడిచేది. కొండ కింద ఇన్నేళ్ళు ఉండి కొండకు పోలేని ఆ నెలల్లో, మా ఇంట్లో కాలక్షేపమన్న మాట రెండు అర్థాలూ కలుపుకుని కూర్చుందని నాకు తోచింది. అందువల్ల ‘కేవలం’ అన్న విశేషణాన్ని ఆ మాటకు ముందు చేర్చడం నాకు సమ్మతం కాదు. చూసే వస్తువును బట్టి కాక చూసే తీరును బట్టి ఆ మాటకు బరువు వస్తుందని నా అభిప్రాయం.

(చిత్తూరు నుండి ఒక సభ్యురాలి స్పందన)

అన్నగారికి నమస్కారం. మీ అమ్మగారి మాటలోని ‘పొద్దుబోక’ మీద రెండు వాక్యాలు. మా వైపు ‘పొద్దుపోయింది’ అంటే ఆలస్యమైందని, ‘పొద్దుపోలేదు’ అంటే తోచలేదని అర్థం. పోవడం, పోకపోవడం రెండూ ఇబ్బందులే. సరిహద్దు ఊళ్ళ వారమైన మాకు తమిళంలోని ‘పొళుదుపోక్కు’ కూడా పరిచయం. అక్కడి పొళుదు, మన పొద్దు ఒకే మూలం నుండి వచ్చినవి. వారు ఆ మాటను వినోదానికీ ఇష్టమైన వ్యాపకానికీ చిన్నచూపు లేకుండా వాడతారు. అయితే మీ వాదంలో ఒక విషయంతో నేను ఏకీభవించలేను. గ్రంథ కాలక్షేపంలో ఎదుట ఆచార్యుడు ఉంటాడు, శిష్యుడు ప్రశ్నిస్తే ఆగి బదులిస్తాడు. టీవీ ఆగదు, బదులివ్వదు. గురువు లేని దానికి ఆ మాటను విస్తరిస్తే సంప్రదాయంలో దానికి ఉన్న కచ్చితమైన అర్థం పలచబడుతుంది కదా?

(నా జవాబు)

చెల్లెమ్మా, మీ ఆక్షేపం న్యాయమైనది. గ్రంథ కాలక్షేపం పారిభాషిక పదం. దానిని టీవీకి అంటగట్టమని నేను కోరను. మీరు చెప్పిన తేడాయే వాటి మధ్య గట్టి గీత. ప్రశ్నకు బదులు దొరకని చోట అమ్మ వంటి శ్రోత ఏమి చేస్తుందన్నది మాత్రం నన్ను వదలడం లేదు. ఆమె చివరి నోటుబుక్కులో సుందరకాండ మాటలు ఉన్నాయి. లంకలో ఎంత వెతికినా సీత కనిపించక కుంగిన హనుమంతుడు తనకు తానే ధైర్యం చెప్పుకునే చోట వచ్చే ‘అనిర్వేదం’ అన్న మాటను ఆమె రాసుకుంది. దాని పక్కన మొదట ప్రశ్నార్థకం పెట్టి, తరువాత దానిని కొట్టివేసి, వేరే పెన్సిలుతో ఇలా పూర్తి చేసింది: ‘అనిర్వేదం – దిగులుకు లోబడకుండా ఉండేది. ఆయన పోయినాక కుట్టుమిషను కొన్న దినం.’ ఆ ‘ఆయన’ మా నాన్న. ఆ ప్రశ్నార్థకానికీ ఈ వాక్యానికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయో నోటుబుక్కులో లేదు. ఆ రోజుల్లో ఆమె చేసిన పనికి తెలుగులో ఏ పేరు తగునన్నదే నా అసలు ప్రశ్న. ‘మననం’ దగ్గరగా ఉంది గానీ అందులో కుట్టుమిషను ఇమడదని నాకు అనిపిస్తోంది. మీ పల్లెల్లో పెద్దవాళ్ళు దీనికి వాడే మాట ఏదైనా మీ చెవిన పడి ఉంటే, వారు పలికిన వాక్యంతో సహా ఇక్కడ రాయగలరు.