శివరాత్రి వెళ్ళాక మేకల మంద దగ్గర ఒక పూట: పిల్లలతో వెళ్తే ఏం చూసుకోవాలి?

అడిగింది: సిటీనాన్న

శివరాత్రి తర్వాతి ఆదివారం నల్గొండ దగ్గర చుట్టాల ఊరికి వెళ్తున్నాం. ఆరేళ్ళ పాప, పదేళ్ళ బాబు. వాళ్ళ దొడ్డిలో ముప్ఫై దాకా నల్ల మేకలున్నాయి, ఉస్మానాబాదీ రకం, మనుషులకి బాగా మాలిమి అట. మధ్యాహ్నం దాకా వాటితోనే ఉండాలని పిల్లల పట్టు. ఏ టైముకి వెళ్తే మంచిది? చేత్తో ఏం పెట్టొచ్చు, ఎంత? ఇంట్లో బ్రెడ్డు, బిస్కెట్లు, అరటిపళ్ళు సర్దేస్తున్నారు. ఈమధ్యే పుట్టిన కూనల్ని ఎత్తుకోవచ్చా? పాలు పిండినవి పిండినట్టే తాగొచ్చా? పోతు కుమ్ముతుందేమోనని మా ఆవిడ భయం.

దొడ్డికాపరి

అన్నా, ఏడు గంటలకల్లా దొడ్డి కాడ ఉండున్రి. గడ్డి మీద మంచు ఆరేదాక మందను ఇడువరు. తడి గడ్డి కొనలకు కడుపుల పురుగుల పిల్లలు ఎక్కి ఉంటయి. అంటే ఎనిమిదిన్నర, తొమ్మిది దాక మేకలు దొడ్డిలనే దొరుకుతయి, ఆకలి మీద ఉంటయి. దోస్తీకి అదే మంచి టైము.

లోపలికి పోంగనే చెయ్యి చాపుకుంట ఎంబడి పడొద్దు. గోడకు ఆనుకొని ఓ పీటేసుకొని కూసోవాలె. నిలబడ్డోళ్ళ కంటే కూసున్నోళ్ళ దగ్గరికి మేక జల్ది వస్తది. ముందుగాల్ల ఒకటి వచ్చి అంగీ గుండీ నాకుతది, దాన్ని సూసి తతిమ్మావి వస్తయి. కొమ్ముల ఎనక, గదువ కింద, రొమ్ము మీద గోకితే మెడ సాగదీసి నిలవడతది. నుదురు మీద అరచెయ్యి పెట్టి నెట్టుడు మాత్రం వద్దు. మనకది ఆట, మేకకు అది కుమ్ములాటకు పిలుపు. పిల్లగున్నప్పుడు నేర్పిన ఆటను నలభై కిలోల పోతయినంక కూడ ఆడతది. కొమ్ములు పట్టుడు, ఎనక కాలు గుంజుడు కూడ వద్దు.

పదకొండు దాటినంక ఎండకు చెట్టు నీడకు చేరి నెమరేస్తయి. అప్పుడు లేపొద్దు, పక్కన కూసొని సూడున్రి. ముద్ద మెడల కెళ్ళి పైకి పాకుడు కంటికి కనవడతది. కింది దవడ పక్కకు తిరుక్కుంట యాభై నములుళ్ళు అటీటు, గుటుక్కున మింగుడు, కొంచెం సేపు ఆగుడు, మళ్ళ ఇంకో ముద్ద. మీ పిలగానికి లెక్కవెట్టే పని ఇయ్యున్రి, అర్ధగంట కదలడు.

పాపకు చున్నీ, ఏలాడే జుంకాలు వద్దు. జేబుల కాగితాలు, కవర్లు ఉంచొద్దు. కవరు మింగితే కడుపుల నుంచి బయటికి రాదు.

పశువుల డాక్టరు

తిండి గురించి. బ్రెడ్డు, బిస్కెట్లు, అన్నం, చపాతీ ఏవీ వద్దు. మేక పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆకుకి, పీచుకి అలవాటు పడ్డవి. ఒక్కసారిగా పిండి పదార్థం పడితే అది పులిసి ఆమ్లం పెరుగుతుంది, నెమరు ఆగిపోతుంది. ఊళ్ళో విందు జరిగిన మర్నాడు మేకలు చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు పారబోసిన అన్నమే. ఇబ్బంది ఏమిటంటే లక్షణాలు అప్పటికప్పుడు కనిపించవు. ఎక్కువగా మర్నాటికి బయటపడతాయి, అప్పటికి మీరు హైదరాబాద్‌లో ఉంటారు. అరటిపండు మేకకి రెండు ముక్కలు పెడితే నష్టం లేదు.

ఆకు పెట్టండి. రేగు, అవిశ, రావి, మర్రి, తుమ్మ, ఏది దొరికితే అది. పాతిక కిలోల మేక రోజుకి మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు తింటుంది. పిల్లల చేతి మీదుగా ఒక్కో మేకకి రెండు గుప్పెళ్ళు చాలు. మిగతాది మండలుగా కట్టి వాసానికి వేలాడదీయండి, మేక తలెత్తి అందుకునేంత ఎత్తులో. నేల మీద వేస్తే తొక్కుతాయి, తొక్కింది తినవు. తిన్నా పెంటికలు అంటిన ఆకుతో పురుగులు పోతాయి. సుబాబుల్ చెట్టు ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

ఈ నెలల్లో రెండు ప్రమాదాలు. ఒకటి, కోసిన జొన్న మోళ్ళ నుంచి లేచే పిలకలు. నీటి ఎద్దడి ఉన్న చేలో వాటిలో సయనైడ్ విషం ఎక్కువ. తిన్న కొద్ది నిమిషాల్లోనే మేక తూలడం, నురగ కక్కడం మొదలవుతుంది, చిగుళ్ళు ఎర్రగా కనిపిస్తాయి. పచ్చగా ఉంది కదా అని పిల్లలు పీకి పెట్టేది సరిగ్గా అదే. రెండోది, మామిడి పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టే రోజులివి. తోటలో ఆకు, చెట్ల కింది గడ్డి ముట్టుకోవద్దు. గన్నేరు ఏ కాలంలోనైనా విషమే, కొద్ది ఆకులు చాలు ప్రాణం తీయడానికి.

ఎడమ డొక్క ఉబ్బి, తడితే డప్పులా మోగి, మేక పళ్ళు కొరుకుతుంటే వెంటనే 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్యశాల వస్తుంది. ఈలోగా సొంతంగా నూనె పట్టబోయి తల పైకెత్తకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముర్రుపాలు

కూనల విషయం నేను చెప్తానండీ. ఈనిన మొదటి రెండు మూడు రోజులు ఎత్తకండి. తల్లి తన పిల్లని వాసనతోనే పోల్చుకుంటుంది, తొలిచూలు మేకైతే మరీను. కొత్త వాసన అంటితే పొదుగు దగ్గరికి రానివ్వకపోవచ్చు. వారం దాటిన కూన అయితే పాపని నేల మీద కూర్చోబెట్టి ఒళ్ళో పెట్టండి, ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకోటి పిర్రల కింద. ముందుకాళ్ళు పట్టి లేపితే భుజం కీలు దెబ్బతింటుంది. కడుపు నిండా పాలు తాగిన వెంటనే ఆడించొద్దు.

మూతి చుట్టూ పుండ్లు, చెక్కులు కట్టి ఉంటే దాన్ని ముట్టుకోనివ్వకండి. అది మన వేళ్ళకీ అంటుతుంది. ఈనే మేక దగ్గరికి, మాయ పడ్డ చోటికి ఎవరూ వెళ్ళొద్దు, గర్భిణులు అసలే వద్దు. పాలు పొంగే దాకా కాచి తాగండి. పచ్చిపాలతో బ్రుసెల్లా జ్వరం వస్తే నెలల తరబడి కీళ్ళ నొప్పులు.

చేతులు సబ్బుతో కడగాలి. పేడ, మట్టి అంటిన చేతికి శానిటైజర్ సరిగా పనిచేయదు. ఇంటికొచ్చాక చెవుల వెనక, మోకాళ్ళ మడతల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. అదే వారంలో ఇంకో మందలో తిరిగి ఉంటే మాత్రం చెప్పులు, బట్టలు ఉతక్కుండా ఈ దొడ్డికి పోకండి. పారుడు రోగం (మందల్లో పాకే పీపీఆర్) అలాగే మోసుకొస్తారు.

కొమ్ముగుర్తు

ఏమీ తీసుకెళ్ళక్కర్లేదంటాను. చిటికెడు రాళ్ళుప్పు అరచేతిలో పెడితే చాలు, గరుకు నాలుకతో అరచెయ్యంతా నాకేస్తుంది. పై దవడకి ముందుపళ్ళు ఉండవు, బిగువు చిగురే ఉంటుంది కాబట్టి చెయ్యి చదునుగా పెడితే కొరకదు. వేలు మాత్రం నోట్లోకి పోనివ్వకండి, దవడపళ్ళు రెండు పక్కలా ఉంటాయి, పదును.

మేకలు మన మొహం కూడా చూస్తాయి. 2018లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్ళు నవ్వు మొహం, కోపం మొహం ఫొటోలు గోడకి పెట్టి చూస్తే, మేకలు నవ్వు మొహం దగ్గరే ఎక్కువసేపు గడిపాయి.

పోతు సంగతి: వీపు మీద వెంట్రుకలు నిక్కబొడిచి, గదువ లోపలికి లాక్కుని తల వంచిందంటే కుమ్మబోతోంది. వెనక్కి పరిగెత్తొద్దు, పక్కకి జరగాలి. ఎదలో ఉన్న పోతు తన మూత్రం తన గడ్డానికే చల్లుకుంటుంది, ఆ కంపు తగిలితే పిల్లల్ని దాని పక్కకే పోనివ్వకండి. ఆ పూటకి కట్టేయమని అడగడం మేలు.

సిటీనాన్న

బ్రెడ్డు, బిస్కెట్లు సంచిలోంచి తీసేయించాను. ఇంకొక్కటి: మా కుక్కపిల్లని తీసుకురావొచ్చా? అది కూడా చిన్నదే, అరవదు.

దొడ్డికాపరి

వద్దన్నా. అరవకున్నా దాని వాసనకే మంద బెదురుతది, చూడి మేకలు ఒకదాన్నొకటి గుద్దుకొని ఈసుకపోతయి, అంటే కడుపు పోతది. కుక్క పెంటల బద్దెపురుగు గుడ్లు గడ్డి మీద పడితే మేక మెదడుల నీటి తిత్తులు కడతయి. కుక్కపిల్లను ఇంట్లనే ఇడిసి రాన్రి.