మే 17 హైస్కూల్ పిల్లల సన్మానం: ఎవరు ఏ పని చూస్తారో ఇక్కడే రాయండి

కార్యదర్శి, మార్చి 29
అందరికీ నమస్కారం. ఉగాది వంట గిన్నెలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి. అయినా ఈ పని ఇప్పుడే మొదలుపెట్టకపోతే పోయినేడాదిలాగే ఆఖరి వారం పరుగులు పెడతాం. డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు పిల్లల్లో 11, 12 తరగతుల వాళ్ళని చదువు, నాయకత్వం, సమాజసేవ చూసి సన్మానించాలని కార్యవర్గం అనుకుంది. హాలు మే 17 ఆదివారం మధ్యాహ్నానికి దొరికింది.

ఒక మార్పు ముందే చెప్పాలి. ఇన్నేళ్ళూ సేవ విషయంలో మనకి పెద్దగా ఆలోచించే పని లేదు. అమెరికా అధ్యక్షుడి పేరు మీద సేవకి ఇచ్చే ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు ఉండేది, 2003లో మొదలైంది. 16 దాటిన పిల్లలకి ఏడాదికి 100 గంటలైతే బ్రాంజ్, 175 అయితే సిల్వర్, 250 అయితే గోల్డ్. గంటలు కూడి పంపితే మెడల్ వచ్చేది, స్టేజీ మీద ఇచ్చేవాళ్ళం. 2025 మేలో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తూ కూర్చోలేం. ఈసారి కొలత మనమే పెట్టుకోవాలి. ఎలా పెడదామో చెప్పండి.

ఇంకో మాట. మా అమ్మాయి కూడా దరఖాస్తు పెడుతోంది. అందుకని దరఖాస్తులు చదివే పనిలో నేను ఉండను. హాలు, బల్లలు, కుర్చీలు నావి.

ప్లానో నుంచి ఒక నాన్న, మార్చి 30
జీపీఏ (గ్రేడ్ల సగటు) ఎంత ఉండాలో పెట్టేముందు ఒకటి గమనించండి. ఫ్రిస్కోలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి) క్లాసులకి 6.0 దాకా ఇస్తారు, మా ప్లానోలో 5.0 దాకానే. పోయినేడాది ఫారంలో "మీ జీపీఏ" అని ఊరికే అడిగాం. ఫ్రిస్కో పిల్లలంతా పైనా, మా పిల్లలంతా కిందా వచ్చారు. రెండు రోజులు ఫోన్ల మీద ఫోన్లు. కష్టమైన క్లాసులకి అదనంగా కలపని, వెయిట్ లేని 4.0 స్కేల్ జీపీఏ అడగండి, ట్రాన్‌స్క్రిప్ట్ (స్కూల్ ఇచ్చే మార్కుల పత్రం) జతచెయ్యమనండి, అంతే.

ర్యాంకు మాత్రం అడగొద్దు. క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఇవ్వాలనే టాప్ 10 శాతం చట్టం 1997లో వచ్చినప్పటి నుంచి మన టెక్సస్‌లో ఇళ్ళల్లో ర్యాంకు టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి దాన్ని 5 శాతానికి బిగించింది. మన పిల్లలు చదివే స్కూళ్ళలో ఒకటి రెండు బీ గ్రేడ్లు వచ్చినా ర్యాంకు ఎక్కడికో పోతుంది. ఆ పుండుని మనం కూడా గెలకడం ఎందుకు?

(మా అమ్మ మొన్న ఊరి నుంచి ఫోన్‌లో అడిగింది: "వాడు అమెరికాలో ఉండి ఏపీ పరీక్షలు రాయడం ఏంట్రా, వీసా ఏమన్నా తేడా వచ్చిందా?")

భోజనాల ఇన్‌చార్జ్, మార్చి 30
17 అంటున్నారు, ఎవరైనా పంచాంగం చూశారా? 16 శనివారం అమావాస్య. 17 నుంచి అధిక జ్యేష్ఠం. ఇద్దరు పెద్దవాళ్ళు నన్ను అప్పుడే అడిగారు.

కార్యదర్శి, మార్చి 30
చూశానండీ. మే 2న కాలేజీ ప్రవేశాలకి రాసే సాట్ పరీక్ష. 4 నుంచి 15 దాకా ఏపీ పరీక్షలు. 10న మదర్స్ డే. 23, 24 లాంగ్ వీకెండ్, ఆ తర్వాత గ్రాడ్యుయేషన్లు. మిగిలింది 16, 17. అమావాస్య నాడు పెట్టలేదని పెద్దవాళ్ళకి చెప్పండి. ఇది పెళ్ళీ కాదు, గృహప్రవేశమూ కాదు. పిల్లల్ని మెచ్చుకోవడానికి అధికమాసం అడ్డం రాదని మా అత్తగారే అన్నారు, ఇంక ఎవరన్నా ఏమన్నా అంటే ఆవిడ నంబరు ఇస్తాను.

సేవా విభాగం, ఏప్రిల్ 1
గంటల సంగతి నేను చూస్తాను. కానీ పోయినేడాది జరిగింది మళ్ళీ జరగకూడదు, కాస్త ఘాటుగానే రాస్తున్నాను. ఒక కాగితంలో ఒకే పిల్లాడికి ఒకే ఆదివారం 19 గంటల సేవ ఉంది. సంతకం వాళ్ళ నాన్నగారిదే. ఆయన్ని తప్పుపట్టట్లేదు, మనం ఇచ్చిన ఫారంలోనే "పర్యవేక్షకుడు" అన్న గడి ఖాళీగా ఉంది, ఎవరు పెట్టాలో చెప్పలేదు.

ఈసారి: అమ్మానాన్నల సంతకం చెల్లదు. ఆ పని దగ్గరుండి చూసిన వ్యక్తి సంతకం, ఆ వ్యక్తి ఈమెయిల్ కావాలి. నేను పదింటిలో మూడు దరఖాస్తులకి ఫోన్ చేసి కనుక్కుంటాను. ప్లానోలో నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంక్‌లో డబ్బాలు సర్దినవాళ్ళకి, గుడిలో అన్నదానం వడ్డించినవాళ్ళకి, మనబడి తెలుగు క్లాసుల్లో చిన్నపిల్లలకి ఒత్తులు దిద్దించినవాళ్ళకి ఇది కష్టం కాదు.

నా అభిప్రాయం ఇంకోటి ఉంది. 250 గంటలు, 251 గంటలు అని పోటీ పెట్టకండి. ఫుడ్ బ్యాంక్‌లో నేను పిల్లలతో వెళ్తుంటాను. రెండు గంటల షిఫ్టులో కొంతమంది గడియారం చూస్తారు. ఒకమ్మాయి మాత్రం డెంటు పడిన బీన్స్ డబ్బా చేతిలో తిప్పి తిప్పి చూసి, అంచు దగ్గర నొక్కుంటే పక్కన పెట్టేది, మిగతావి ఉంచేది. ఎందుకమ్మా అంటే, "అంచు దగ్గరైతే గాలి వెళ్తుంది అంకుల్, తినేవాళ్ళకి జబ్బు చేస్తుంది" అంది. ఇద్దరికీ కాగితం మీద రెండు గంటలే. అందుకే "నువ్వు చేసిన పనిలో ఒక్క రోజు గురించి 200 పదాల్లో రాయి" అని అడుగుదాం. గంటలు 60 దాటితే చాలు.

కాపెల్ నుంచి ఒక అమ్మ, ఏప్రిల్ 1
సంతకం రూలు బాగుంది, కానీ మా పక్కింటి పిల్లాడి లాంటివాళ్ళని ఎక్కడ పెడతారు? వాళ్ళ నానమ్మకి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. అమ్మకి రాత్రి షిఫ్టు. బడి నుంచి రాగానే ఆవిడకి మందులు, భోజనం, చిన్న చెల్లికి హోంవర్క్, అన్నీ వాడే. ఏ క్లబ్బులోనూ లేడు. వాలంటీర్ గంటలు సున్నా. ఫారం చూసి, "మనకి ఇందులో ఏమీ లేదులే ఆంటీ" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సేవా విభాగం, ఏప్రిల్ 2
అక్కా, నిజమే. పాత అవార్డులో ఇంట్లోవాళ్ళకి చేసింది లెక్కలోకి వచ్చేది కాదు. ఆ అలవాటులోనే నేనూ ఆలోచించాను. ఇప్పుడు ఆ రూలు మన మెడకి లేదు కదా. "ఇంటి బాధ్యతలు, ఉద్యోగం" అని ఒక గడి పెడుతున్నాను. దానికి సంతకం పక్కింటివాళ్ళు గానీ, స్కూల్ కౌన్సిలర్ గానీ పెట్టొచ్చు. వాణ్ణి దరఖాస్తు పెట్టమనండి. మీరే దగ్గర కూర్చుని పెట్టించండి, లేకపోతే పెట్టడు.

యూత్ కమిటీ, ఏప్రిల్ 4
నాయకత్వం గురించి. పోయినేడాది వచ్చిన దరఖాస్తుల్లో సగానికి సగం "వ్యవస్థాపక అధ్యక్షులు". ఒక క్లబ్బులో సభ్యులకంటే ఆఫీసర్లు ఎక్కువ. పిల్లల తప్పు కాదు, కాలేజీ దరఖాస్తుల కోసం మనమే అలా నేర్పాం. కాబట్టి పదవి పేరు అడగడం మానేద్దాం. "నువ్వు లేకపోయినా ఇప్పుడు నడుస్తున్న పని ఏది?" అని అడుగుదాం. ఈ ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది.

హైస్కూల్ పిల్లల్ని ఎంచి గౌరవించే నేషనల్ ఆనర్ సొసైటీ 1921 నుంచి నాలుగు చూస్తుంది: చదువు, సేవ, నాయకత్వం, నడవడి. మనం మూడే పెట్టుకున్నాం. నాలుగోది కొలిచే ధైర్యం నాకైతే లేదు.

మెడల్ కావాలని పట్టుబట్టేవాళ్ళకి అమెరికా కాంగ్రెస్ పిల్లలకి ఇచ్చే కాంగ్రెషనల్ అవార్డు ఉందని చెప్పండి. 1979లో చట్టంతో పెట్టింది. పదమూడున్నర ఏళ్ళు నిండితే పిల్లలే సొంతంగా నమోదు చేసుకోవచ్చు. గోల్డ్ మెడల్‌కి 400 గంటల సేవ, వ్యక్తిగత వికాసానికి 200, వ్యాయామానికి 200, పైన ఒక యాత్ర. మే 17 లోపు అయ్యే పని కాదు. తొమ్మిదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడే చూసుకుంటే మంచిది.

12వ తరగతి వాలంటీర్, ఏప్రిల్ 5
అందరికీ నమస్తే. నా తెలుగులో తప్పులుంటే ఏమీ అనుకోకండి, అమ్మ ఒకసారి చూసింది. మా ఫ్రెండ్స్ తరపున నాలుగు మాటలు చెప్పమన్నారు.

స్టేజీ మీద ఎవరి జీపీఏ చదవొద్దు. పోయినసారి చదివారు. మా ఫ్రెండ్ ఒకడు అవార్డు తీసుకుని కిందికి వచ్చి ఏడ్చాడు, ఎందుకంటే వాడిది అందరికంటే తక్కువ. అవార్డు వచ్చిన రోజు కూడా తక్కువే అనిపించింది వాడికి.

ఏ కాలేజీలో సీటు వచ్చిందో కూడా అడగొద్దు ప్లీజ్. కొంతమంది ఇంకా వెయిట్‌లిస్టులో ఉంటారు.

అతిథుల ప్రసంగాలు తగ్గించి మాకు ఒక్కొక్కళ్ళకి ఒక నిమిషం ఇవ్వండి. మేము థాంక్స్ చెప్పాలనుకున్న వాళ్ళు ఆ హాల్లోనే ఉంటారు.

శాలువా అవసరమా? మేలో డాలస్‌లో?

భోజనాల ఇన్‌చార్జ్, ఏప్రిల్ 5
బంగారం, శాలువా నీకోసం కాదు, మీ తాతగారి ఫోటో కోసం. ఒక్క నిమిషం ఓర్చుకో. మిగతావన్నీ నువ్వు చెప్పినట్టే చేద్దాం, నాదీ హామీ.

స్టేజ్ టీమ్, ఏప్రిల్ 7
పేర్లు! పోయినేడాది 31 జ్ఞాపికల్లో 6 తప్పులు. చెక్కించిన షాపువాళ్ళది కొంత, మనది ఎక్కువ. మనవాళ్ళు కొందరు ఇంటిపేరు ముందు రాస్తారు, కొందరు వెనక. పాస్‌పోర్టులో ఒకలా, స్కూల్లో ఒకలా, ఇంట్లో పిలిచేది ఇంకోలా. ఒక పాపకి ఇంటిపేరు ఒక్కటే చెక్కించి ఇచ్చాం, అసలు పేరే లేదు. ఆ పిల్ల జ్ఞాపికని అటూ ఇటూ తిప్పి, "ఇది మా నాన్నకి ఇచ్చారా?" అని అడిగింది. నవ్వాం గానీ నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఈసారి ఫారంలో "జ్ఞాపిక మీద ఎలా ఉండాలో అచ్చంగా అలాగే రాయండి" అని ఒక గడి. పిల్లలు తమ పేరు తామే పలికి పది సెకన్ల ఆడియో పంపాలి. యాంకరింగ్ చేసే ఇద్దరూ దాన్ని విని నేర్చుకోవాలి. ఇంగ్లీష్ అక్షరాలు చూసి "ళ"ని "ల" చేసేస్తే, వెనక వరసలో ఉన్న అమ్మమ్మలకి అది మనవరాలి పేరని కూడా తెలియట్లేదు.

సర్టిఫికెట్ల టీమ్, ఏప్రిల్ 7
దీనికే నాదో మాట. మా మామయ్యగారు తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఈ ఆరు నెలలు ఇక్కడే ఉంటారు. సర్టిఫికెట్ల మీద పేర్లు తెలుగులో చేత్తో రాస్తానంటున్నారు. మొన్నటి నుంచి వాల్‌మార్ట్ పేపరు మీద కొట్టివేతలు, మళ్ళీ రాతలు. పాళీ పెన్ను సరిగ్గా దొరకలేదని రెండు షాపులు తిప్పించారు. ఇంట్లో ఇంత హుషారుగా ఆయన్ని చూసి చాన్నాళ్ళయింది.

అయితే ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "ఇంగ్లీషులో ఎస్ అని ఉంటే అది శ నా, స నా? డి అంటే డ నా, ద నా? పెట్టినవాళ్ళని అడగవమ్మా" అన్నారు. కాబట్టి తల్లిదండ్రులు పిల్లల పేరు తెలుగులో రాసి ఫోటో తీసి పంపాలి. మీకే సందేహమైతే ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. ఏప్రిల్ 25 శనివారం ఆఖరు. ఆ తర్వాత వస్తే ఆయన రాయరు, ముందే చెప్పారు.

కోశాధికారి, ఏప్రిల్ 8
మనది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, అందుకని ఒకటి రాతపూర్వకంగా ఉండాలి. ఎవరి పిల్లలైనా, బంధువుల పిల్లలైనా దరఖాస్తు పెడితే వాళ్ళు ఎంపికలో కూర్చోకూడదు, మినిట్స్‌లో అది రాయాలి. కార్యదర్శిగారు తప్పుకున్నారు, ఇంకో ఇద్దరు నాకు విడిగా చెప్పారు. చదివేవాళ్ళు ముగ్గురూ బయటివాళ్ళే, పేర్లు తీసేసి నంబర్లతో ఇస్తాం. 18 నిండని పిల్లల ఫోటోలు పెట్టడానికి తల్లిదండ్రుల సంతకం కూడా ఆ ఫారంలోనే తీసుకోండి, మళ్ళీ వెంటపడే ఓపిక లేదు. నగదు బహుమతులు ఈ ఏడాది లేవు, అడగొద్దు.

కాపెల్ నుంచి ఒక అమ్మ, ఏప్రిల్ 18
పెట్టించాను. రెండు గంటలు పట్టింది, మధ్యలో మూడుసార్లు లేచి వెళ్ళాడు, ఒకసారి నానమ్మ పిలిచిందని, రెండుసార్లు సిగ్గుతో. 200 పదాలు రాయమంటే 90 రాశాడు. అలాగే పంపాను, నేనేమీ కలపలేదు.

కార్యదర్శి, ఏప్రిల్ 26
44 దరఖాస్తులు వచ్చాయి. తెలుగు పేర్లు 41 మందివి అందాయి, మిగతా ముగ్గురి అమ్మలకి ఇప్పుడే ఫోన్ చేశాను, ఒకావిడ కారు ఆపి రాసి పంపారు. మాస్టారిని నేను బతిమాలుకున్నాను, ఒక్కరోజు ఇచ్చారు.

ఇంకా ఎవరూ తీసుకోని పనులు: ప్రొజెక్టర్ కేబుల్ (హాల్లోది పనిచెయ్యదు), వీల్‌చెయిర్‌లో వచ్చే పెద్దవాళ్ళకి పక్క తలుపు దగ్గర ఇద్దరు మనుషులు, ఒక నిమిషం గంట కొట్టే మనిషి. గంట కొట్టేవాళ్ళకి మొహమాటం ఉండకూడదు, అతిథులకి కూడా కొట్టాలి. భోజనంలో పులిహోర, గారెలు, పెరుగన్నం ఖాయం. పిల్లలు పిజ్జా అడిగారు, అదీ వస్తుంది. జీడిపప్పు పడనివాళ్ళు నలుగురున్నారు, వాళ్ళ పులిహోర వేరే గిన్నెలో.

ఉగాది గిన్నెలు ఎవరు తీసుకెళ్తారు? గరాజ్‌లో కారు పట్టట్లేదు.

12వ తరగతి వాలంటీర్, ఏప్రిల్ 26
గంట నేను కొడతాను.

భోజనాల ఇన్‌చార్జ్, ఏప్రిల్ 26
గిన్నెలు కదపకండి. 17కి అవే కావాలి.