సమస్యాపూరణం: ‘గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి’

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం. దీనిని చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు రాసి అర్థం కుదర్చాలి.

గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి

పురాణ కథలతోనూ కల్పిత సన్నివేశాలతోనూ దీనిని పూరించడం సులభమే కనుక ఈసారి ఒక నియమం పెడుతున్నాను. పూరణలన్నీ కెనడా గాయని సెలీన్ డియాన్ జీవితం మీదనే ఉండాలి, ప్రతి పూరణ వెనుకా జరిగిన సంఘటన ఒకటి ఉండాలి. ఆమె 1968 మార్చి 30న క్యూబెక్ రాష్ట్రంలోని షార్లమేన్ అనే చిన్న ఊరిలో, ఫ్రెంచి మాట్లాడే ఇంట పధ్నాలుగవ సంతానంగా పుట్టింది. పన్నెండేళ్ల వయసులో, తల్లీ అన్నా సాయపడి కట్టిన పాటను పాడి పంపిన క్యాసెట్టు రెనే ఆంజెలిల్ అనే మేనేజరు చేతికి చేరింది. ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టి 1981లో ఆమె మొదటి ఆల్బం తెచ్చాడు. ఇరవై కోట్లకు పైగా రికార్డులు అమ్ముడైనట్లు చెప్పుకొనే గాయని కాబట్టి సమస్యలోని ‘కోట్లు’ మీకు కష్టం కాదు. కష్టమంతా ‘మూగవోయిన’ దగ్గరే ఉన్నది.

ఛందస్సు గురించి ఒక మాట. ‘సెలీను’, ‘డియాను’ రెండూ జగణాలే. తేటగీతిలో వచ్చే సూర్యగణాలలోనూ ఇంద్రగణాలలోనూ జగణానికి చోటు లేదు కనుక ఆమె పేరు పద్యంలో పెట్టాలంటే రెండు గణాలకు విరిచి పెట్టవలసి వస్తుంది. పేరు లేకపోయినా ఈ శీర్షిక కింద ఆమెనే కర్తగా భావిస్తాము.

వరంగల్ ఇంజనీరు:
నమస్కారమండీ. 2024 జూలై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఐఫిల్ టవర్ మీద నుంచి ఆమె పాడిన సందర్భాన్ని తీసుకున్నాను. కండరాలు బిగుసుకుపోయే స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్ అనే అరుదైన నాడీవ్యాధి తనకు ఉన్నదని 2022 డిసెంబరులో ప్రకటించి, తరువాత మిగిలిన పర్యటననంతటినీ రద్దు చేసుకున్న మనిషి, ఆ రాత్రి ఎడిత్ పియాఫ్ పాటతో తిరిగి వచ్చింది.

పట్టి పీడించు రోగమ్ము పాలుపడియు
వాన జల్లున పారిసు వారి యెదుట
ఇనుప గోపురమున నిల్చి యెలుఁగు నెత్తె
గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి

కాకినాడ మాస్టారు:
గణాలు, యతులు చక్కగా ఉన్నాయి. ‘ఇనుప గోపురము’ అనడం నాకు నచ్చింది. పరదేశపు పేరును తెచ్చి ఇరికించకుండా వస్తువును చూపించారు. అయితే నాయనా, సమస్యలోని విరోధం మాత్రం అలాగే మిగిలిపోయింది. మూడవ పాదంలో ఆమె ఎలుఁగు ఎత్తిందన్నారు, నాలుగవ పాదంలో గొంతు మూగవోయిన వేళ అన్నారు. ‘వేళ’ అనే మాట కాలాన్ని కట్టివేస్తుంది. అదే క్షణాన పాడుతున్న గొంతు మూగది ఎలా అవుతుంది? ‘మూగవోయిన తరువాత’ అని మీ మనసులో ఉండవచ్చును గాని పద్యంలో లేదు. ఆ గొంతు ఆమెది కాక వేరొకరిదైతే చిక్కు విడిపోతుంది. అందుకు ‘ఎల్లవారి’ వంటి మాట వేస్తే రెండవ పాదం చివర కూడా మార్చవలసి ఉంటుంది, లేకపోతే ‘వారి’ రెండుసార్లు వస్తుంది.

వరంగల్ ఇంజనీరు:
మాస్టారూ, గొంతును వినేవారికి ఇచ్చాను. చూడండి.

పట్టి పీడించు రోగమ్ము పాలుపడియు
వాన జల్లుల పారిసు వాకిటందు
ఇనుప గోపురమునఁ బాడ నెల్లవారి
గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి

కాకినాడ మాస్టారు:
ఇప్పుడు పూరణ అయింది. వాన తడుపుతున్నా కదలకుండా నిలబడినవారికి గొంతు పెగలలేదు, దూరాన టీవీల ముందు కోట్లమంది విన్నారు. ‘పడియు’ తరువాత ‘పాడ’ వచ్చినందువల్ల రోగం ఉండి కూడా పాడింది అనే అర్థం మొదటి ప్రతిలోకన్నా బిగువుగా కుదిరింది.

బెంగుళూరు సభ్యుడు:
నాది 1988 నాటి సంగతి. డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఆమె స్విట్జర్లాండ్ తరఫున ఫ్రెంచిలో పాడి, బ్రిటన్ గాయకుడిని 137కు 136గా, అంటే ఒకే ఒక్క పాయింటుతో ఓడించింది.

పరుల దేశమ్ము పక్షానఁ బాడి గెలువ
నొక్క పాయింటు తేడాన నోడినట్టి
యాంగ్ల గాయకు నభిమాను లందరకును
గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి

నిర్వాహకుడు:
నిర్దోషమైన పూరణ. ‘పాయింటు’ను ధైర్యంగా వాడినందుకు సంతోషం, దానికి బదులు పెట్టదగిన తెలుగు మాట ఆ పాదంలో ఇమడదు కూడాను. విజేత తన పాటను మళ్లీ పాడడం ఆ పోటీలో ఆనవాయితీ కనుక ‘వినిరి’ సార్థకమే. ఒక అసంతృప్తి ఉన్నది. ఈ పద్యంలో ఆమె గెలిచిందే తప్ప ఆమె జీవితం లేదు. ఆ ఏడాది ఎవరు గెలిచినా ఈ పద్యం ఇలాగే చెల్లుతుంది.

మాంట్రియల్ సోదరి:
నేను ఈ నగరంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇక్కడివారు ఆమెను ఇంటిపిల్లలా చెప్పుకుంటారు. 1990లో ఇంగ్లీషు ఆల్బం తెచ్చిన తరువాత, ఆంగ్లభాషా కళాకారిణిగా తనకు ఇచ్చిన ఫెలిక్స్ పురస్కారాన్ని ఆమె వద్దన్నదని, తాను క్యూబెక్ గాయనినేనని వేదిక మీదనే చెప్పిందని పెద్దవారు ఇప్పటికీ తలచుకుంటారు. అందరూ ఆమె గొంతు గురించి రాస్తున్నారు కాబట్టి నేను రెనే గొంతు గురించి రాశాను. ఆయన మేనేజరు కాకముందు ‘లె బారొనెట్స్’ అనే బృందంలో గాయకుడు. 1994లో ఇక్కడి నోత్ర్ దామ్ బసిలికాలో వారి పెళ్లి జరిగింది. 1999లో ఆయనకు గొంతు క్యాన్సరు వచ్చింది, నయమైంది, ఏళ్ల తరువాత తిరగబెట్టింది. 2016 జనవరి 14న ఆయన పోయాడు. మరుసటి నెలలోనే ఆమె లాస్ వేగస్‌లో తిరిగి వేదిక ఎక్కింది.

కన్న కలలకు రూపమ్ము కట్టినట్టి
పతికిఁ గంఠానఁ బుండయి పలుకు సడల
ఆలి పాడెఁ గన్నీటితో నచట నతని
గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి

కాకినాడ మాస్టారు:
అమ్మా, పద్యం చదివి కొంతసేపు ఆగాను. ‘కన్న కలలకు’ అన్నది ఊరికే పడిన మాట కాదనుకుంటాను, ఆమె మొదటి పాట పల్లవి కూడా కల గురించే కదా. ‘పుండయి’ కన్నా ‘రాచపుండు’ అంటే రోగం ఇంకా స్పష్టంగా తెలిసేది, కాని ఆ పాదంలో యతికి పకారం కావాలి కాబట్టి మీరు ఆగిపోయి ఉంటారు. ‘అచట’ అన్నారు, ఎచట అన్నది పద్యంలో లేదు. ‘అపుడు’ అంటే ఆ ప్రశ్న రాదు, గణమూ చెడదు.

బెంగుళూరు సభ్యుడు:
క్షమించాలి సోదరీ, నిర్వాహకుల నియమం ప్రకారం ఒక ప్రశ్న అడుగుతాను. లాస్ వేగస్‌లో ఆమె పాడిన సీజర్స్ ప్యాలెస్ కొలోసియంలో ఆసనాలు 4,000 పైచిలుకు మాత్రమే. 2003 నుంచి 2007 వరకు, మళ్లీ 2011 నుంచి 2019 వరకు అక్కడ ఆమె ఇచ్చిన ప్రదర్శనలు 1,100 దాటినా, అన్ని రాత్రులూ నిండు సభ అనుకొని గుణించినా మొత్తం శ్రోతలు అర కోటికి చేరరు. ఒక్క రాత్రికి ‘కోట్లు వినిరి’ అంటే ఎలా?

నిర్వాహకుడు:
లెక్క సరైనదే. అతిశయోక్తి కావ్యానికి అలంకారమే అయినా, సమస్యలో ప్రాణం ‘మూగ’కూ ‘కోట్లు’కూ మధ్యనే ఉన్నప్పుడు అందులో ఒక దానిని అలంకారానికి వదిలివేస్తే పూరణ సగమే అవుతుంది. అయినా, ఆమె తొలి శ్రోత గొంతు గురించి ఆలోచించిన పూరణ ఇదొక్కటే కనుక దీనిని మార్చమని నేను అడగను. ‘అచట’ మాత్రం ‘అపుడు’ చేయండి.

నంద్యాల కుర్రవాడు:
పెద్దలకు నమస్కారం. ఇది నా తొలి పూరణ. టైటానిక్ పాట మీద రాశాను. విరుపుతో, అంటే మాటను విడదీసి వేరే అర్థం తీసి, పూరించాను, ‘గొంతు మూగ’ అంటే గొంతు చుట్టూ గుమికూడడానికి అని నా భావం.

ఓడ మునిఁగిన కథలోని యొక్క పాట
వాడవాడల మ్రోఁగఁగా వచ్చి జనులు
తేనెపట్టుకు నీఁగలై తిరిగినట్లు
గొంతు మూగ వోయినవేళ కోట్లు వినిరి

కాకినాడ మాస్టారు:
బాబూ, తొలి పూరణలోనే విరుపుకు సాహసించావు, ధార కూడా ఉన్నది. మొదటి పాదం చాలా బాగున్నది. కాని విరుపు నిలవదు. గుమికూడు అనే అర్థంలో ‘మూగు’ ధాతువు నుంచి వచ్చిన ‘మూగన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద ‘పోయిన’ వస్తే పకారం బకారమై ‘మూగఁ బోయిన’ అవుతుంది, ‘మూగ వోయిన’ కాదు. సమస్యలోని వకారం ‘మూగ’ అనే నామవాచకం మీద గసడదవాదేశం వల్ల, అంటే పకారం వకారంగా మారడం వల్ల, వచ్చినది, అది నీ అర్థానికి తలుపు మూసివేసింది. పైగా జనం మూగేది మనిషి చుట్టూ, దీపం చుట్టూ. గొంతు చుట్టూ మూగడం వినడానికి బాగుండదు.

నిర్వాహకుడు:
వ్యాకరణం అలా ఉంచితే, ఎంచుకున్న సంఘటనలో మంచి సరుకు ఉన్నది. జేమ్స్ హోర్నర్ ఆ బాణీ వినిపించినప్పుడు సెలీన్‌కు అది నచ్చలేదు. సినిమాలో పాట పెట్టడం దర్శకుడు జేమ్స్ కామెరాన్‌కు మొదట ఇష్టం లేదు. రెనే పట్టుపట్టి ఆమె చేత నమూనా కోసం ఒకసారి పాడించాడు, ఆ నమూనా గానమే చివరికి లోకమంతా విన్న పాటకు ఆధారమైంది. 1998లో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. పాడనన్న గొంతు, పెట్టనన్న దర్శకుడు, ఆ తరువాత కోట్ల శ్రోతలు: ఈ వరుసతో విరుపు లేకుండానే పూరణ కుదురుతుంది. మళ్లీ ప్రయత్నించండి.

వరంగల్ ఇంజనీరు:
రెండవ పూరణకు అనుమతించాలి. 1989లో కచేరీల మధ్య ఆమె గొంతు దెబ్బతిన్నప్పుడు, శస్త్రచికిత్స చేయించుకోవాలి, లేదా మూడు వారాలు ఒక్క మాట కూడా పలకకూడదు అని వైద్యుడు చెప్పాడు. ఆమె మౌనాన్ని ఎంచుకుంది. దీనిని క్రమాలంకారంలో, అంటే ముందు ప్రశ్నలు వేసి చివరి పాదంలో వరుసగా జవాబులు చెప్పే పద్ధతిలో, పెట్టాను.

ఆస్తి యామెకు నెయ్యది? యాగె నెపుడు
పాట? వైద్యుని పథ్యమ్ము పాటి సేసి
మరల నెందరు వినిరి యా మధురగీతి?
గొంతు, మూగవోయినవేళ, కోట్లు వినిరి

కాకినాడ మాస్టారు:
మూడు ప్రశ్నలకు మూడు జవాబులు వరుసగా పడ్డాయి. క్రమాలంకారం చాలాసార్లు సమస్య నుంచి తప్పించుకొనే దొడ్డిదారి అవుతుంది, ఇక్కడ మాత్రం పథ్యం అనే మాట వల్ల కథ కూడా నడిచింది. గొంతుకు మౌనమే పథ్యం. దోషం ఒకటే. ‘పాటి సేసి’ క్త్వార్థకం, అంటే ‘చేసి’ వంటి అసమాపక క్రియ, దానికి కర్త ఆమె. ‘వినిరి’కి కర్త జనులు. ఈ రెండు క్రియలకూ కర్త ఒక్కరే కావాలి. ‘పాటి సేయ’ అనండి, ఒక్క అక్షరంతో సరిపోతుంది.

వరంగల్ ఇంజనీరు:
ధన్యుడను మాస్టారూ. ‘పాటి సేయ’గా సవరించుకొన్నాను.

నంద్యాల కుర్రవాడు:
నిర్వాహకులవారు చెప్పిన వరుస నాకు తేటగీతిలో ఇమడలేదు. వేరే సంఘటన తీసుకొన్నాను. 1999 డిసెంబరు 31 రాత్రి మాంట్రియల్‌లో కచేరీ చేసి ఆమె విరామం ప్రకటించింది. భర్తకు చికిత్స జరిగిన కాలం అది, తరువాత 2001 జనవరిలో కొడుకు పుట్టాడు. ఆ విరామానికి ముందు విడుదలైన పాటల సంకలనం ఆమె ఇంట్లో ఉన్న రోజులలోనే కోట్లలో అమ్ముడైంది.

బిడ్డ కొఱకును మగనికై వేదికలను
విడిచి యింటిలో నున్నను వెనుకఁ దాను
పాడి దాఁచిన పాటలే పలికెఁ గాన
గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి

మాంట్రియల్ సోదరి:
బాబూ, చాలా సహజంగా ఉన్నది. ‘కాన’ అనే మాటతో సమస్య పాదం కారణం చెప్పుకొని మరీ వచ్చింది. నాకు ఒక్క సందేహం. ఆమె తన ఇష్టం మీద పాడడం మానేసింది. మూగవోవడం అంటే తన ప్రమేయం లేకుండా జరిగేది కదా?

నంద్యాల కుర్రవాడు:
అమ్మా, వాయించేవారు లేక వీణ మూగవోయింది అంటాము, అందులో వీణకు వచ్చిన రోగం ఏమీ లేదు. ఆ అర్థంలో వాడాను.

కాకినాడ మాస్టారు:
సమాధానం సబబుగా ఉన్నది. అక్కడ గొంతునే వాద్యంగా తీసుకోవచ్చును. ‘కొఱకును’, ‘కై’ రెండు రకాల చతుర్థులు ఒకే పాదంలో వచ్చాయి, దోషం కాదు గాని చెవికి ఎగుడుదిగుడుగా ఉన్నది.

బెంగుళూరు సభ్యుడు:
మళ్లీ లెక్కలవాడినే వచ్చాను. ఆ విరామంలోనే, 2001 సెప్టెంబరు 21న, న్యూయార్క్ దాడుల బాధితుల సహాయార్థం అమెరికా ప్రధాన చానళ్లు కలిసి ప్రసారం చేసిన కార్యక్రమంలో ఆమె పాడింది. కాబట్టి పాడి దాచిన పాట‘లే’ పలికాయనడం కుదరదు.

నంద్యాల కుర్రవాడు:
నిజమేనండీ. ఏవకారం తీసివేస్తున్నాను. ‘పాటలే’ రగణం, ‘పాటలు’ భగణం, రెండూ ఇంద్రగణాలే కనుక ఛందస్సుకు ఇబ్బంది లేదు.

నిర్వాహకుడు:
ఆ సవరణతో ఈ వారం ముందుగా నిలిపే పూరణ ఇదే.

బిడ్డ కొఱకును మగనికై వేదికలను
విడిచి యింటిలో నున్నను వెనుకఁ దాను
పాడి దాఁచిన పాటలు పలికెఁ గాన
గొంతు మూగవోయినవేళ కోట్లు వినిరి