క్రైస్తవ సంఘాలు మారుతూ ఉండటం విశ్వాసంలో నిలకడ లేకపోవడమేనా?

గుంటూరు బిడ్డ (బెంగళూరు): అందరికీ వందనాలు. ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన మేము ఒక ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో ఇంగ్లీషు ఆరాధనకు, మరొక ఆదివారం తెలుగు కూడికకు వెళ్తున్నాం, వాన పడితే యూట్యూబ్‌లో చూస్తున్నాం. ఎక్కడా సభ్యత్వం తీసుకోలేదు. ఇది క్రీస్తుతో చేసిన నిబంధనను తేలికగా చూడటమేనని మా ఊరి అయ్యగారు అంటున్నారు. నిజమేనా?

పాత సభ్యుడు (చెన్నై): నిజమే. కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక పదవ అధ్యాయం చెబుతోంది. ఫిలేమోను పత్రికలో పౌలుకు జతపనివాడైన దేమా, రెండవ తిమోతికి వచ్చేసరికి లోకాన్ని ప్రేమించి అతణ్ణి విడిచి వెళ్ళిపోయాడు. 1947 సెప్టెంబరు 27న చెన్నైలోని సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘంవారు కలిసి సి.ఎస్.ఐ.గా (దక్షిణ ఇండియా సంఘంగా) ఏర్పడినప్పుడు, ఎవరి పద్ధతిని వారు కొంత వదులుకున్నారే గాని నచ్చలేదని లేచి వెళ్ళిపోలేదు.

సువార్త బాట (బెంగళూరు): అన్నగారూ, అదే చెన్నైలో 1941లో సువార్తికుడు భక్త్ సింగ్ గారు యెహోవా షమ్మా సహవాసాన్ని ఆరంభించారు. పాత సంఘాలను విడిచి అక్కడ చేరినవారందరూ దేమాలేనా? తన గొర్రెలను తన చేతిలోనుండి ఎవరూ అపహరించలేరని యోహాను పదవ అధ్యాయంలో ప్రభువే చెప్పారు; ఆ మాటకు మీ సంఘ సభ్యత్వ చందా పుస్తకంతో పనిలేదు.

కరుణ: పంఫూలియలో పౌలును విడిచి వెళ్ళిన మార్కును, అదే రెండవ తిమోతిలో పౌలు తన దగ్గరకు తీసుకురమ్మన్నాడు.

పాత సభ్యుడు: చందా మాట నేను ఎక్కడ రాశాను? అడిగినది నిలకడ గురించి.

సువార్త బాట: మీరు రాయకపోయినా నాకు గుర్తుంది. మా నాన్నగారు చనిపోయినప్పుడు, చందా బాకీ తీరేవరకు సమాధుల తోటలో చోటు ఇవ్వబోమని ఒక సంఘం పెద్దలు మమ్మల్ని సాయంత్రం దాకా నిలబెట్టారు. ఆయన జీవితమంతా ఆ సంఘానికే వెళ్ళారు. నిలకడ ఆయనకు లేదా, వారికా?

పాత సభ్యుడు: అది ఘోరం. అయితే నా మాట కూడా వినండి. మా సంఘంలో పాటల బృందంవారు, సండే స్కూలు చెప్పేవారు ఒక్కొక్కరుగా పెద్ద కూడికలకు వెళ్ళిపోయారు. నా భార్య మంచాన పడినప్పుడు వారిలో ఒక్కరూ గడప తొక్కలేదు, మిగిలిన ముసలివాళ్ళే వచ్చి ప్రార్థించారు. సంఘం మారినా రక్షణ పోదని మీరు వాదిస్తున్నారు. నేను మనిషిని వదిలి వెళ్ళడం గురించి అడుగుతున్నాను.

సువార్త బాట: నేనూ అదే అడుగుతున్నాను. ముందు మమ్మల్ని వదిలింది సంఘమే.

కరుణ: మెథడిస్టుల కోసం వారి ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1755లో మొదలుపెట్టిన నిబంధన ఆరాధనలో, ఒకసారి చేసిన ప్రమాణాన్ని అందరూ కలిసి మళ్ళీ చేస్తారు. ఒంటరిగా చేసిన తీర్మానం సడలుతుందని ఆయనకు తెలిసే ఉంటుంది.

గుంటూరు బిడ్డ: నేను మూడు వారాలు కనబడకపోయినా ఇక్కడ ఎవరికీ తెలియదు. అలాగే ఎవరు రాలేదో నాకూ తెలియదు. మా ఊరి సంఘం నుండి సభ్యత్వ బదిలీ పత్రం తెప్పించుకుందామనుకుంటున్నాను గాని, ఎక్కడ ఇవ్వాలో తేల్చుకోలేకపోతున్నాను.

పాత సభ్యుడు: ముందు పత్రం తెప్పించుకోండి, బాబూ.

సువార్త బాట: పత్రం లేకపోయినా మా కూడికకు రండి, తమ్ముడూ.