మినీ కన్సోల్ కొనాలా, పాత ఒరిజినలే వెతకాలా?

అందరికీ నమస్తే, మాది హన్మకొండ. నింటెండో తన పాత వీడియో గేమ్ మెషీన్ ఎన్ఈఎస్‌ను చిన్నగా చేసి 2016లో తెచ్చిన ఎన్ఈఎస్ క్లాసిక్ మినీ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో దొరికేటట్టుంది, దానికంటే అసలు పాత మెషీనే కొనుక్కోవడం నయమా అని డౌటు. మినీలో 30 గేములు లోపలే ఉంటాయి, హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెడితే చాలు. కానీ కాసెట్ పెట్టే స్లాటే లేదు, కంట్రోలర్ వైరు మరీ పొట్టి, పైగా చిన్నప్పుడు తిండి మానేసి ఆడిన కాంట్రా అందులో లేదు, దాని తర్వాతి భాగం సూపర్ సీ మాత్రమే ఉంది! డక్ హంట్ కూడా లేదు, సరే, ఆ గేము ఆడే పాత తుపాకీ ఎట్లాగూ ఎల్ఈడీ టీవీలో పనిచేయదు.

అసలు చిక్కు ఏందంటే, ఇంట్లో సజ్జ మీద పాత కాసెట్లు చాలా ఉన్నాయి. అన్నీ అప్పట్లో ఇక్కడ అమ్మిన నకలు మెషీన్లవి, 60 పిన్నులవి. అమెరికా ఎన్ఈఎస్‌కు 72 పిన్నుల స్లాట్, అడాప్టర్ లేకుంటే పట్టవు. ఎన్ఈఎస్‌కు జపాన్ రూపమైన ఫ్యామికామ్‌లో పడతాయి గానీ దాని కరెంటు అడాప్టర్ 100 వోల్టులది, మన 230కి నేరుగా పెడితే పొగే. మళ్లీ దానికో డబ్బా టీవీ వెతకాలి, ఇంట్లోవాళ్లు నన్ను బయటికి పంపిస్తారు.

మినీ వాడినవాళ్లు చెప్పండి, బటన్ నొక్కాక ఆలస్యం తెలుస్తుందా? నకిలీదైతే చూడగానే ఎట్లా పట్టుకోవాలి? వరంగల్, కరీంనగర్ వైపు పాత కన్సోళ్లు బాగుచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? 620 గేములని రాసిన చవక డబ్బాలు మాత్రం చెప్పకండి ప్లీజ్.