పాత జీపులో ఆల్టర్నేటర్ పెడితే అమ్మీటర్ సంగతేంటి?

ఇంట్లోనే పాత జీపు ఒకటి బాగుచేసుకుంటున్నానండి. ఇంజన్, బ్రేకుల పని అయిపోయింది, వైరింగు దగ్గర ఆగిపోయాను. డ్యాష్‌బోర్డు వెనక వైర్ల మీది గుడ్డ తొడుగు ముట్టుకుంటే పొడిలా రాలుతోంది, లోపల రాగి నల్లబడిపోయింది. అందుకే మొత్తం కొత్తగా లాగుతున్నా. బ్యాటరీని ఛార్జ్ చేసే 22 ఆంపియర్ల డైనమో తీసేసి, అదే పని చేసే 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెడదామని. బండి పాజిటివ్ ఎర్తు, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. నెగటివ్‌కి మార్చేటప్పుడు ఇగ్నిషన్ కాయిల్ (స్పార్కుకి కరెంటిచ్చేది) వైర్లు అటూ ఇటూ మార్చాలని తెలుసు.

చిక్కల్లా 30 ఆంపియర్ల దాకానే చూపే అమ్మీటర్ (కరెంటు ఎంత పోతోందో చూపే మీటరు)తోనే. ఛార్జింగ్ కరెంటంతా దాని గుండానే పోతుంది. షంట్ (కొంత కరెంటుని మీటరు పక్కనుంచి పోనిచ్చే తీగ) వేస్తే సరిపోతుందా, వోల్ట్‌మీటరే పెట్టుకోవాలా? ఆ ముల్లు ఊగుతుంటే చూడటం నాకిష్టం, తీసేయబుద్ధి కావట్లేదు.

ఇంకోటి, 60 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 10 ఆంపియర్లు లాగుతాయి కదా, పాత స్విచ్చి తట్టుకోదు. లో బీముకీ హై బీముకీ వేరే వేరే రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చిలు) పెట్టాలా? ఈ పని చేసినవాళ్లెవరైనా చెప్పండి.