రొమ్ము క్యాన్సర్ తొలి దశలో ఎర్ర మందు ఇంకా కావాలా?

మందుల_గది:
హెర్2 (కణితిని పెంచే ఒక ప్రొటీను) నెగటివ్, తొలి దశ, ఆపరేషన్ అయింది. ఏసీ (ఎర్ర మందు డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్) నాలుగు సైకిళ్లు (విడతలు) ఎక్కించి ఆపైన పాక్లిటాక్సెల్ ఇవ్వాలా, డోసిటాక్సెల్-సైక్లోఫాస్ఫమైడ్ (టీసీ) చాలా? ఎక్కువమందికి టీసీ చాలనే నేనంటాను. డాక్సోరూబిసిన్ డీఎన్‌ఏ పోగుల మధ్య దూరి, టోపోఐసోమరేజ్-2 అనే ఎంజైము తెంచిన పోగుల్ని తిరిగి అతుక్కోనివ్వదు. కణితిలో కావలసింది అదే. కానీ ఆ ఎంజైము బీటా రూపం గుండె కండరంలోనూ ఉంది, దెబ్బ అక్కడా పడుతుంది. పైగా అది పోగుపడుతూ పోతుంది: శరీర వైశాల్యం చదరపు మీటరుకు మొత్తం 400 మి.గ్రా. దగ్గర గుండె వైఫల్యం 5 శాతం, 550 దగ్గర 26 శాతం. ఏసీతో నేరుగా పోల్చిన అమెరికా పరీక్షలో ఏడేళ్లకు బతికున్నవారు టీసీలో 87 శాతం, ఏసీలో 82.

రక్తకణం:
550 లెక్క చూపించి 240ని భయపెట్టకండి సార్. 60 చొప్పున నాలుగు సైకిళ్లకు అయ్యేది 240 మి.గ్రా. మాత్రమే. ఇక మీరన్న పరీక్షలో ఏసీ పక్షానికి టాక్సేన్ (పాక్లిటాక్సెల్, డోసిటాక్సెల్ జాతి మందు) అసలు ఇవ్వలేదు, ఈ రోజు మనం పోల్చేది దాన్ని కాదు కదా. ఎర్ర మందు, టాక్సేన్ రెండూ కలిసిన చికిత్సతో టీసీని పోల్చినవి ఏబీసీ పరీక్షలు, 2017లో వచ్చాయి: నాలుగేళ్లకు జబ్బు తిరగబెట్టనివారు టీసీ ఆరు సైకిళ్లలో 88.2 శాతం, ఎర్ర మందు ఉన్నవాళ్లలో 90.7. ట్రిపుల్ నెగటివ్‌లోనూ (రెండు హార్మోన్ గ్రాహకాలూ, హెర్2 లేని రకం), చంక గ్రంథులు ఎక్కువ పట్టినవారిలోనూ ఆ తేడా మరీ కనిపించింది. వాళ్ల దగ్గర ఎర్ర మందు తీసేయడం నాకు సమ్మతం కాదు.

డేకేర్_సిస్టర్:
టీసీ తేలిక అన్న మాట మాత్రం ఇద్దరూ అనకండి. డోసిటాక్సెల్ కణం చీలేటప్పుడు విడిపోవాల్సిన మైక్రోట్యూబ్యూళ్లను బిగించేస్తుంది, మజ్జ కణాలూ ఆ దెబ్బ తింటాయి. వారం, పది రోజుల మధ్య తెల్లకణాలు అడుగంటుతాయి. అందుకే తెల్లకణాల్ని పెంచే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ 6 మి.గ్రా., కీమో ముగిశాక 24 గంటలు ఆగి. అదే రోజు చేస్తే ఇంజెక్షన్ తరిమిన కణాలు చీలికలో ఉండగానే కీమోకి దొరికిపోతాయి. అది 2–8 డిగ్రీల్లో ఉండాలి. రాత్రికే బస్సెక్కి ఊరెళ్లేవాళ్లకు ఐస్ ప్యాకుల డబ్బా, మర్నాడు సూది వేసే మనిషి రెండూ ముందే కుదరాలి. 101 ఫారన్‌హీట్ దాటితే పారాసిటమాల్ వేసుకుని చూద్దాం అనుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి రావాలి. యాంటీబయాటిక్ మొదటి గంటలోనే పడాలి.

డోసిటాక్సెల్‌కి తోడు స్టెరాయిడ్ డెక్సామెథసోన్ 8 మి.గ్రా. రెండు పూటలా మూడు రోజులు, కీమో ముందు రోజు నుంచే. మానేస్తే ఎలర్జీ, కాళ్ల వాపులు.

మందుల_గది:
ట్రిపుల్ నెగటివ్, ఎక్కువ గ్రంథుల విషయం ఒప్పుకుంటున్నాను. హార్మోన్ పాజిటివ్, గ్రంథులు శుభ్రంగా ఉన్నవారికి మాత్రం నా మాట మార్చను. జర్మనీ ప్లాన్‌బీ పరీక్షలో అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టనివారు రెండు వైపులా దాదాపు 90 శాతమే. తేడా లేనప్పుడు గుండెని ఎందుకు పణంగా పెట్టాలి? డాక్సోరూబిసిన్ లాంటి టోపోఐసోమరేజ్ మందుల తర్వాత రెండు మూడేళ్లకు వచ్చే ల్యుకేమియా (రక్త క్యాన్సర్) అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం.

డేకేర్_సిస్టర్:
ఎర్ర మందు ఇచ్చేచోట ఇంకొకటి. నరం దాటి చర్మం కిందికి కారితే కండ కుళ్లుతుంది. డ్రిప్ ఆపాలి, సూది తీయకముందే సిరంజితో వెనక్కి లాగాలి, తర్వాత ఐస్. విరుగుడు మందు డెక్స్‌రాజోక్సేన్ ఆరు గంటల్లోపు, రెండో చేతికి. దానికి 15 నిమిషాల ముందే ఐస్ తీసేయాలి. విన్‌క్రిస్టిన్ అనే మరో కీమో మందు కారితే దీనికి విరుద్ధం, వెచ్చని కాపడం పెట్టాలి.

రక్తకణం:
షుగర్ ఉన్నవాళ్ల సంగతీ చూడాలి. పాదాలు ముందే తిమ్మిరెక్కి ఉంటే వారానికి చదరపు మీటరుకు 80 మి.గ్రా. చొప్పున 12 పాక్లిటాక్సెల్ డోసులు ఆ తిమ్మిరిని పెంచుతాయి. అలాగని టీసీకి మారిస్తే డెక్సా వేసే ఆ మూడు రోజులూ షుగర్ ఎగబాకుతుంది, రోజుకు నాలుగుసార్లు చూసుకుని ఇన్సులిన్ సర్దాలి. గుండె ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో కొట్టుకు బయటికి నెట్టే రక్తం శాతం) 50 లోపుంటే మాత్రం నేనూ టీసీ వైపే, మాస్టారూ.